ఎవురది

చిత్తూరు కోర్టులో బోనెక్కి నిలబడినాను.
ఫ్యాను తిరగతా ఉండాది,
గాలి జడ్జిగారి దాకా పోయి ఆడ్నే నిలిచిపోతా ఉండాది.
బల్ల మీద మా కంబళి.
పలమనేరు సంతలో నేను బేరమాడి కొన్నది,
ఇప్పుడు దానికొక చీటీ: మూడో వస్తువు.
చిల్లులు తొమ్మిదని రాసినారు.
పదకొండు.
ఏడాదిగా దాచిపెట్టుకున్నది వాళ్ళు.
నేను ఒక్క రాత్రే చూసినాను, నాకు తెలుసు.

మొదటి వస్తువు తుపాకి.
చింతకొమ్మ పిడి, ఎవుడో పనితనం తెలిసినోడే చెక్కినాడు.
దానికి లైసెన్సు లేదంట.
మా ఊర్లో లైసెన్సు ఉండేవి రెండే,
ఎరువులంగడి, బ్రాందీషాపు.

"ముద్దాయితో మీ ఆయనకు పాత కక్షలేమైనా ఉన్నాయా?"
ఉండాయి సామీ.
గెనెం జానెడు జరిపినాడని మూడేండ్ల కింద అరుచుకున్నారు.
ఆ మాపే ఒకే కట్టలో బీడీలు తాగినారు.
టైపు కొట్టే పిల్ల వేళ్ళు మొదటి మాటకే కదిలినాయి.
"అది కూడా రాయమ్మా" అన్నారు జడ్జిగారు.
రాసింది.

ఒక వకీలుకు "ఉద్దేశం" దొరకలేదు.
ఇంకొకాయనకు "పొరపాటు" చాలు.
నడిమధ్య ఒక మాట పెట్టుకోని లాక్కుంటా ఉండారు: "తెలిసి".
చంపాలని కాదంట, చావొచ్చని తెలిసి.
దానికి పదేండ్ల దాకానంట, పక్క మాటకు అయిదేండ్లంట.
ఆ రెండు మాటల సందులో
మా నాదముని
జల్లెడలో చెనిక్కాయ మాదిరి దొర్లతా ఉండాడు.

"ఆ వేళప్పుడు చేలో మనుషులు ఉంటారని ముద్దాయికి తెలుసా?"

ఆ వారం మా లైనుకు త్రీఫేజు వంతు రాత్రి రెండుకు.
ఎద్దుకు తెలుసు, కుక్కకు తెలుసు,
స్టార్టరు పెట్టెలో కాపరముండే బల్లికీ తెలుసు.
దొరసామికి తెలీదని ఎట్ల చెప్పేది?
"తెలుసు" అన్నాను.
దొరసామి తల ఎత్తలేదు.
ఆ వీపు మీదనే కదా ఏసుకోని
చెరుకు తోట దాటి, వంక దాటి
తారురోడ్డు దాకా పరిగెత్తింది.
ఆటోవాని కాళ్ళు పట్టుకున్నది.
ఆ సంగతి ఎవురూ అడగలేదు. నేనే చెప్పినాను.
చెప్పినందుకు మా మరిది ముఖం తిప్పుకున్నాడు.

ఇంకొకటి ఉండాది. అదీ అడగలేదు.
కరెంటొచ్చిందని లేపింది నేను.
"కొంచేపు పండుకోనీవే" అన్నాడు.
టమేటా మడి ఎండతా ఉండాది లెయ్యి, అన్నాను.
చలి అని నా చేత్తోనే కంబళి కప్పినాను.
నల్ల కంబళి.
వంగి వాల్వు తిప్పే మనిషి
మంచె మీద నుంచి ఎట్ల కనబడతాడో
ఆ పొద్దు నాకెందుకు తోచలేదో.
దీనికేమన్నా సెక్షను ఉంటుందేమోనని
వకీళ్ళ ముఖాలు చూసినాను.
కాగితాలు సర్దుకుంటా ఉండారు.

బత్తెం డబ్బులు కొంగున కట్టుకోని బస్టాండుకొస్తే
మా ఊరికుండేది ఒకటే బస్సు.
ముందు సీటు కమ్మీ పట్టుకోని దొరసామి పెండ్లాం సరసమ్మ.
"ఒకే ఊరే కదా, రెండు కొట్టేదా?" అన్నాడు కండక్టరు.
"ఒకటి" అన్నాను.
"ఒకటి" అంది ఆమె కూడా.
మొగిలి ఘాటు ఎక్కేదాకా
ఆమె ఆ కిటికీ, నేను ఈ కిటికీ.

తీర్పు ఇంకా రాలేదు.
ఏ మాట కిందికి వస్తాదో నాకు తెలీదు.
నాకు తెలిసిన తప్పుకు
వాళ్ళ బుక్కులో ఏం పేరుందో గానీ
మా నోట్లో ఒక్క మాటే:
ఎవురది.
మంచె మీద నుంచి ఒక్కసారి అరిచుంటే
"నేను" అనుంటాడు.

ఇప్పుడు మా ఊర్లో రాత్రంతా అదే అరుపు.
ఆకు కదిలినా ఎవురది, నక్క దాటినా ఎవురది.
పందులను కూడా అడగతా ఉండారు.
రెండు గంటలకు మోటారేసేదానికి నేనే పోతాను.
ఎంత చలైనా ఏమీ కప్పుకోను.
ఎవురూ అడగకముందే
నేను, నేను, అనుకుంటా
గట్టిగా,
గెనెం మీద నడస్తాను.